ఒక్కటీ, ఒక్కరూ

మాటలకు కూడ ప్రయాణాలుంటవి. అరబ్బీలో ప్రయాణమనే అర్థంగల 'సఫర్' అనే మాట పారశీకం మీదుగా హిందీ ఉర్దూలకు వచ్చి స్థిరపడింది. హైదరాబాదు ప్రాంతపు తెలుగువారికి అది పరాయిమాట కాదు. అదే మాట అరబ్బు వర్తకుల ఓడలెక్కి ఆఫ్రికా ఖండపు తూర్పుతీరం చేరి స్వాహిలీ భాషలో 'సఫారీ' అయింది. అక్కడ కూడ దాని అర్థం వట్టి ప్రయాణమే. పొరుగూరి సంతకు పోయినా, వర్తకుల బిడారు లోతట్టు దేశాలకు సాగినా సఫారీయే. ఐరోపావారు తుపాకులు పట్టుకొని ఆ దేశంలో ప్రవేశించిన తరువాత ఆ మాటకు వేట అనే అర్థం అంటుకొన్నది.

మన దేశంలో మరొక మాటకు ఇటువంటి చరిత్రే ఉన్నది. సంస్కృతంలో 'మృగ' ధాతువునకు వెదకడమని అర్థం. వెదకబడేది మృగం, వెదకుతూ పోవడం మృగయ. క్రమంగా మృగయ అంటే వేట అయింది. వెదకడానికీ చంపడానికీ నడుమ ఉన్న దూరాన్ని మానవుడు ఎంత సులభంగా దాటాడో చెప్పడానికి ఈ రెండు మాటలే చాలును. ఒకచోట ప్రయాణం వేటగా మారింది, మరొకచోట అన్వేషణ వేటగా మారింది.

అమెరికా అధ్యక్షపదవి విడిచిన వెంటనే, 1909లో, థియొడోర్ రూజ్వెల్టు తూర్పు ఆఫ్రికాకు సఫారీ వెళ్ళాడు. సుమారు ఒక సంవత్సర కాలంలో ఆ బృందం సేకరించిన జంతువులు, చిన్నాపెద్దా అన్నీ కలిపి, పదకొండువేలకు మించినవి. ఆయనా ఆయన కుమారుడూ స్వయంగా నేలగూల్చినవే 500లకు పైబడినవి. ఆ కాలం గడచిపోయింది. కెన్యా ప్రభుత్వం 1977లో వేటను నిషేధించింది. పెక్కుచోట్ల తుపాకి స్థానంలో కెమేరా వచ్చింది. ఇది మంచి మార్పే. కాని అలవాటు అంత త్వరగా పోదు. నేటి యాత్రికుడు సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అనే ఐదింటిని చూడనిదే తన సఫారీ పూర్తికాలేదని భావిస్తాడు. ఈ ఐదింటి జాబితా సౌందర్యాన్ని బట్టి ఏర్పడినది కాదు. కాలినడకన వేటాడడానికి మిక్కిలి ప్రమాదకరమైనవి ఇవి అని పూర్వం వేటగాళ్లు వేసుకొన్న లెక్క అది. వేటగాడు వెళ్ళిపోయినా అతని జాబితా మిగిలిపోయింది.

మరొక సంగతి కూడ ఉన్నది. సెరెంగెటీ మైదానాలలో మృగాలకు జాతీయోద్యానం ఏర్పరచినప్పుడు, అక్కడ తరతరాలుగా పశువులను మేపుకొంటూ వచ్చిన మసాయి జనులను 1959లో ఆ హద్దులు దాటించి పంపివేశారు. చూడవచ్చేవాని కంటికి అడవి నిర్జనంగా కనిపించాలి, అప్పుడే అది అసలైన అడవి! ఆఫ్రికాలో మనుష్యులను తొలగించి మృగాలను చూపించారు. మన దేశంలో ఒకచోట ఇందుకు సరిగా వ్యతిరేకమైన పని జరిగింది. ఆ చోటు బంగాళాఖాతంలో ఉన్నది.

ఆఫ్రికా ప్రయాణం అందరికీ అందేది కాదు. విశాఖపట్టణానికి ఆగ్నేయంగా, సుమారు పన్నెండువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాను మాత్రం మధ్యతరగతి తెలుగు కుటుంబానికి నేడు అందుబాటులోకి వచ్చింది. ఒకనాడు కాలాపానీ అని వణకిన చోటికి ఇప్పుడు సెలవులు గడపడానికి వెళుతున్నారు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చుకొన్న పోర్టుబ్లేయరులో దిగిన తెలుగువానికి భాషకు కొరత లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి చేపల వేటకు, కూలి పనులకు వెళ్ళినవారి సంతతి అక్కడ స్థిరపడింది. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు తమ మాతృభాష అని చెప్పుకొన్నారు.

ఇట్లా వెళ్ళినవారు అడవిని చూడాలనుకొంటారు. దీవులలో ఎక్కువ భాగం అడవే గనుక అది సహజమైన కోరిక. అయితే అడవి అనగానే తెలుగువాని మనసులో నల్లమల మెదులుతుంది. పులి ఉండాలి, ఎలుగు ఉండాలి, కనీసం దుప్పుల మంద అయినా అడ్డుపడాలి. అండమానులో పులి లేదు, ఎలుగు లేదు, తోడేలు లేదు. ప్రధాన భూభాగానికి అంత దూరాన, సముద్రమధ్యంలో ఉన్న నేలకు పెద్ద మృగాలు తమంత తాము చేరలేదు.

మరి కనిపించే దుప్పులో? అవి తెచ్చిపెట్టినవి. ఆంగ్లేయులు తమ వేట వినోదానికి దుప్పులను ఓడలలో తెచ్చి విడిచారు. తినేవాడు లేని చోట అవి ఇష్టానుసారంగా పెరిగి, లేత మొక్కలను మేసివేసి అడవికే బెడద అయినవి. వాటిని అదుపులో పెట్టాలని 1950ల తొలినాళ్లలో చిరుతలను తెచ్చి వదలిచూశారు. చిరుతలు అక్కడ నిలదొక్కుకోలేదు. ఒకప్పుడు రాస్ అని పిలిచిన ద్వీపంలో, 2018 నుండి నేతాజీ పేరు వహిస్తున్న ఆ చిన్న దీవిలో, దుప్పులు యాత్రికుల దగ్గరకు వచ్చి చేతిలోని మేత అందుకొంటవి. పిల్లలకు అది ఆనందమే గాని, అది అడవి కాదు. శిథిలమైన దొరల బంగళాల నడుమ మిగిలిన దొరల ఉద్యానవనం. ఏనుగుల కథ కూడ ఇంతే. దుంగలు లాగడానికి వాటిని భూభాగం నుండి తెచ్చారు. ఇంటర్వ్యూ అనే ద్వీపంలో కలప వ్యాపారం దెబ్బతిని 1962 ప్రాంతంలో మూతబడగా, యజమానులు తమ ఏనుగులను అక్కడే వదిలివేశారు. పని తప్పిపోయిన ఏనుగులు మరల అడవి ఏనుగులయినవి. పింఛను లేని విశ్రాంతి అది.

దీవులకు సొంతమైన ప్రాణికోటి వేరు. అది చిన్నది, సిగ్గరిది, దొరకనిది. నార్కొండం అనే ద్వీపం వైశాల్యం సుమారు ఏడు చదరపు కిలోమీటర్లే. ఆరిపోయినట్లున్న అగ్నిపర్వతం సముద్రం నుండి తల ఎత్తినట్లుంటుంది. ఆ ఒక్క కొండమీద తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని కొమ్ముముక్కు పక్షి అక్కడ ఉన్నది. నికోబారులో మెగపోడు అనే నేలపక్షి గుడ్లను పొదగదు. ఆకులూ మట్టీ ఇసుకా పోగుచేసి దిబ్బ కట్టి, ఆ కుళ్ళే ఆకుల వేడికి గుడ్లను అప్పగించి పోతుంది. మడ అడవుల ఉప్పు కయ్యలలో మొసలి కట్టెదుంగవలె పడి ఉంటుంది. సముద్రగర్భంలో గడ్డి మేసే డుగాంగు, అనగా నీటి ఆవు, ఆ దీవుల అధికారిక జంతువు. కాని దానిని కంటితో చూసినవారు అరుదు. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన సముద్ర జాతీయోద్యానంలో పగడపు దిబ్బల మీద రంగురంగుల చేపలు తిరుగుతుంటవి. వాటిని చూడాలంటే నీటి మీద బోర్లా పడుకొని కదలకుండ ఊపిరి బిగబట్టాలి.

ఇవన్నీ ఓపిక కోరే దృశ్యాలు. నాలుగు రోజుల సెలవుమీద వెళ్ళినవానికి అంత ఓపిక ఉండదు. 'అడవికి వచ్చాం, ఏమీ కనిపించలేదు' అనే నిరాశ మొదలవుతుంది. ఆ నిరాశను తీర్చడానికి ఒక రోడ్డు సిద్ధంగా ఉన్నది.

దక్షిణ అండమాను నుండి ఉత్తరానికి సాగే ఆ రోడ్డును అండమాను ట్రంకు రోడ్డు అంటారు. జిర్కాటాంగు అనే తనిఖీ స్థానం నుండి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు, సుమారు యాభై కిలోమీటర్ల మేర, అది జారవా జనుల రక్షితారణ్యంలో నుండి పోతుంది. రేవుకు ఆవలి ఒడ్డున ఉన్న బారాటాంగులో సున్నపురాతి గుహలు, బురద కక్కే చిన్న గుంటలు ఉన్నవి. వాటిని చూడబోతున్నామని చెప్పి యాత్రికులు చీకటితోనే బయలుదేరుతారు. వాహనాలన్నిటినీ వరుసగా నిలిపి, నియమిత వేళలలో, పోలీసు కాపలాతో వదలుతారు. దారిలో ఆగరాదు, అద్దాలు దించరాదు, ఫొటో తీయరాదు, తినే పదార్థమేదీ విసరరాదు. ఈ నియమాలు బోర్డులమీద రాసి ఉంటవి. వాటిని చదివినవానికి గుహల సంగతి మరపుకు వస్తుంది. ఈ కాపలా, ఈ వరుస, ఈ హెచ్చరికలు, అన్నీ మృగాలున్న ఉద్యానవనంలో చెప్పేవే. చూడవలసినది గుహ కాదని యాత్రికుడు తనకు తానే గ్రహిస్తాడు.

శ్రీకాకుళం జిల్లాలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్న ఒక ఉపాధ్యాయుడు, భార్యతోనూ మనుమడితోనూ ఆ వరుసలో ఒక పర్యాయం ప్రయాణం చేశాడు. కారు నడుపుతున్న అతని తాతది కళింగపట్నం వైపు. అతను మాత్రం దీవులలోనే పుట్టాడు. మనుమడు జేబులోని ఫోనును పదేపదే తడుముకొంటున్నాడు. "తాతయ్యా, వాళ్లు కనిపిస్తే చెయ్యి ఊపవచ్చునా?" అని అడిగాడు. తాతగారు జవాబు వెదకుకొంటూ ఉండగా డ్రైవరు, "నీ ఇంటి వసారాలో నుంచి రోజూ వందమంది పోతూ చేతులు ఊపితే నీకు ఎలా ఉంటుంది నాయనా?" అన్నాడు. పిల్లవాడు ఫోను వదిలి కిటికీలోనుండి చెట్లను చూడసాగాడు. ఆకాశం కనిపించనంత ఎత్తయిన చెట్లు, వాటి మొదళ్ళ దగ్గర గోడలవలె విచ్చుకొన్న వేళ్లు, వాటి నడుమ ఆకుపచ్చని చీకటి. ఆ ఉదయం దారి పొడుగునా మానవమాత్రుడు ఎవడూ కనిపించలేదు.

రేవు దగ్గర వాహనాలు బల్లకట్టు కోసం నిలిచినవి. పక్క వాహనంలోనివారు కూడ తెలుగువారే. వారిలో ఒక యువకుడు దిగి ఒళ్లు విరుచుకొంటూ, "మూడు గంటలకు లేచి వచ్చాం. ఒక్కటీ కనిపించలేదు. డబ్బు దండగ!" అన్నాడు.

డ్రైవరు అటు తిరిగి నెమ్మదిగా, "ఇవాళ ఒక్కరూ రోడ్డు మీదికి రాలేదు బాబూ. వాళ్లకూ పనులుంటవి గదా" అన్నాడు.

ఉపాధ్యాయుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఏమయ్యా, నీకు వ్యాకరణం ఎవరు చెప్పారు?" అని అడిగాడు. "వ్యాకరణమేమిటి మాస్టారూ! నేను చదివింది హిందీ బడి. ఈ తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకొన్నదే" అని అతను నవ్వాడు.

తెలుగు తెలిసినవారికి ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు. మన వ్యాకరణం లోకాన్ని రెండుగా విభజించింది. మనుష్యులు, దేవతలు మహత్తులు. పశుపక్ష్యాదులు, చెట్లు, రాళ్లు అమహత్తులు. స్త్రీకి ఏకవచనంలో ఈ మన్నన దక్కలేదన్నది మన భాషకున్న మచ్చ. బహువచనంలో ఆమె కూడ మహత్తే. అందువల్ల మనుష్యులైతే ఒక్కరు, ఇద్దరు, ముగ్గురు. మేకలైతే ఒక్కటి, రెండు, మూడు. హిందీలో ఇదే ఫిర్యాదు చేసి ఉంటే, కనిపించనిది మనిషో మేకో వినేవానికి తెలిసేది కాదు. అక్కడ సంఖ్య అందరికీ ఒక్కటే. తెలుగు అంత మరుగు ఇవ్వదు. ఎదుటివానిని మనసులో ఏ గాటికి కట్టివేశామో అంకె చెప్పగానే బయటపడిపోతుంది. ఆ యువకుడు చెడ్డవాడు కాదు. ఎవరినీ కించపరచాలని అతనికి లేదు. పులి కనిపించని నాడు నాగార్జునసాగరం అడవినుండి తిరిగివచ్చేవాడు అనే మాటే అతనూ అన్నాడు. అసలు భయం అక్కడే ఉన్నది.

మహదమహత్తుల విభాగాన్ని మనకు సూత్రబద్ధం చేసి ఇచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడినది 1858లో. అదే సంవత్సరం మార్చిలో ఆంగ్లేయులు పోర్టుబ్లేయరులో ఖైదీల వలస స్థాపించారు. అంతకు కొద్ది వారాల ముందు, ఆ దీవులను పరీక్షించడానికి వెళ్ళిన మౌవట్ అనే వైద్యాధికారి బృందం, తీరంలో జరిగిన ఒక ఘర్షణలో ఒక అండమాను యువకుని పట్టుకొని కలకత్తాకు తీసుకొనిపోయింది. అతని పేరు వారికి తెలియదు. జాక్ అని పిలిచారు. నావికుని దుస్తులు తొడిగారు, ఫొటో తీశారు. నగరంలో జనం విరగబడి చూశారు. కొద్ది రోజులలోనే అతడు జబ్బుపడగా, మరల ఓడనెక్కించి పట్టుకొన్న చోటనే దించివచ్చారు. చూడబోవడం అనే ఈ ముచ్చట అంత పాతది. రోడ్డు, కారు కొత్తవి.

ఆ చూపుల వెనుక ఏమి వచ్చిందో చరిత్రకు తెలుసు. వలస స్థాపనకు పూర్వం వేలలో ఉన్న గ్రేట్ అండమానీయులు, బయటివారు తెచ్చిన రోగాలతోనూ వ్యసనాలతోనూ నశించి, 1961 జనాభా లెక్కలనాటికి 19 మంది మిగిలారు. జారవా అనే పేరు కూడ జారవాలు పెట్టుకొన్నది కాదు. ఆ గ్రేట్ అండమానీయులలో ఒక తెగవారు తమకు పరాయివారని చెప్పడానికి వాడిన మాట అది. తమను తాము వారు 'అంగ్' అనుకొంటారు. అంగ్ అంటే మనుష్యులు. పరాయివారని ఇతరులు పిలిస్తే మనుష్యులమని వారు చెప్పుకొన్నారు. మహద్వాచకం వారి భాషలోనూ ఉన్నదన్నమాట.

జారవాలు బయటివారిని దశాబ్దాలపాటు బాణాలతో దూరంగా ఉంచారు. 1970లలో వారి అడవిగుండా రోడ్డు పడింది. 1997 చివరనుండి వారు ఆయుధాలు లేకుండ జనావాసాలకు రాసాగారు. 2011 లెక్కలలో వారు 380 మంది. వారి రక్షణకు 1956లోనే ఆదిమజాతుల రక్షణ నిబంధన ఉన్నది. 1957లో రక్షితారణ్యం ఏర్పడింది. రక్షితారణ్యంలో ఉన్న రోడ్డు భాగాన్ని మూసివేయవలసిందని సుప్రీంకోర్టు 2002 మేలో ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో, తినుబండారాల కోసం జారవా స్త్రీల చేత నృత్యం చేయిస్తున్న దృశ్యాన్ని ఒక బ్రిటిషు పత్రిక బయటపెట్టగా ప్రపంచం నివ్వెరపోయింది. 'మానవ సఫారీ' అనే మాట అప్పుడు లోకమంతటా వినిపించింది. అదే సంవత్సరం నిబంధనను సవరించి శిక్షలను కఠినం చేశారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆ దారిని యాత్రికులకు నిలిపివేసి, మార్చిలో ఆ ఉత్తర్వును ఎత్తివేసింది. తరువాత బారాటాంగుకు సముద్రమార్గాన ఓడలు ఏర్పాటుచేశారు. అయినా రోడ్డు రోడ్డుగానే ఉన్నది.

దీనికి మరొక పక్షం లేకపోలేదు. మధ్య, ఉత్తర అండమాను దీవులలో వేలాది కుటుంబాలున్నవి. వారిలో అధికులు 1947 తరువాత ప్రభుత్వమే తెచ్చి నిలిపిన కాందిశీకులు. ప్రసవవేదన పడే స్త్రీని పెద్దాసుపత్రికి చేర్చాలన్నా, కూరగాయలు బజారుకు పంపాలన్నా వారికి ఆ రోడ్డు కావాలి. సముద్రం అన్ని ఋతువులలోనూ దారి ఇవ్వదు. తెల్లవారుజామున జిర్కాటాంగు దగ్గర టీ కాచే వానికి, కారు నడిపేవానికి యాత్రికుడే జీవనాధారం. కనుక రోడ్డును తిట్టినంతమాత్రాన ధర్మం నెరవేరదు. కాని రోగితో పోయే బండికీ, వేడుక చూడబోయే బండికీ తేడా ఉన్నది. మొదటి దానికి దారి కావాలి. రెండవ దానికి దారి పక్కనున్న మనిషి కావాలి. ఆ తేడాను ఏ పోలీసువాడూ తనిఖీ స్థానంలో కనిపెట్టలేడు. బండిలో కూర్చున్నవాడే కనిపెట్టుకోవాలి.

శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు లేడిని తరుముకొంటూ రథం మీద వస్తాడు. ఇది ఆశ్రమమృగం, కొట్టవద్దని తాపసులు అడ్డుపడతారు. రాజు ఎక్కుపెట్టిన బాణాన్ని ఉపసంహరిస్తాడు. అంతటితో ఆగడు. ఆశ్రమంలో వినీతవేషంతో ప్రవేశించాలని చెప్పి, ఆభరణాలనూ వింటినీ సారథి చేతికిచ్చి, రథం దిగి నడచిపోతాడు. ఈ రెండవ పని మొదటి దానికంటె గొప్పది. బాణం దించినంతమాత్రాన వేటచూపు పోదు. రథం కూడ దిగాలి. కొన్నిచోట్ల, లోపలివారు పిలవనప్పుడు, గుమ్మం దగ్గరనుండే తిరిగిపోవాలి. మన పెద్దలు దేవాలయానికి 'చూడడానికి' పోరు, దర్శనానికి పోతారు. దర్శనమంటే తాను చూడడం మాత్రమే కాదు, ఎదుటివారి చూపు తన మీద పడడం కూడ. అందుకే గుడి తలుపులు మూసి ఉన్నవేళ ఎవరూ డబ్బు దండగ అనరు. వేళ కాలేదనుకొని బయట కూర్చుంటారు.

అండమాను అడవిని దర్శించడమెట్లాగో తెలిసిన ఒక వృద్ధురాలు 2010 జనవరి వరకు జీవించి ఉన్నది. ఆమె పేరు బోవా సీనియర్. గ్రేట్ అండమానీయ భాషలలో ఒకటైన 'బో' భాషను మాట్లాడేవారిలో ఆమె చివరిది. ఆ భాషలను సేకరించిన శాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆమె పక్షులతో మాట్లాడేదని వ్రాశారు. ఆ భాషలో బదులు పలికే మనుష్యులు ఎవరూ మిగలలేదు. పక్షులు తమ పూర్వీకులన్న విశ్వాసం ఆమె జనులలో ఉన్నది. అబ్బీ ఆ జనులకు తెలిసిన పక్షుల పేర్లను పక్షి శాస్త్రజ్ఞుడు సతీశ్ పాండేతో కలిసి ఒక పుస్తకంగా ప్రకటించారు. యాత్రికుడు 'ఏదో పిట్ట' అని ఫొటో తీసి మరచిపోయే దానికి ఆ ముసలమ్మ నోట ఒక పేరూ ఒక బంధుత్వమూ ఉండేవి. మనం మనుష్యులను 'ఒక్కటి' అనగా, ఆమె పక్షులను 'ఒక్కరు' అన్నదన్నమాట.

సెలవులకు అండమాను వెళ్ళేవారిని ఎవరూ వద్దనరు. దీవులు నిజంగా అందమైనవి. దక్షిణ అండమాను చిట్టచివర చిడియా టాపూ ఉన్నది. హిందీలో పక్షుల దీవి అని అర్థం, నిజానికి అది దీవి కాదు, కొన. ఊరినుండి పాతిక కిలోమీటర్లు. ఎవరి వసారాలో నుండీ పోనక్కరలేదు. సాయంకాలం అక్కడ ఒక మడచెట్టు పక్కన కూర్చొని, ఫోను జేబులో పెట్టుకొని, గంటసేపు మాట్లాడకుండ ఉండగలిగినవానికి పక్షులు ఒకటొకటిగా గొంతు విప్పుతవి. కొన్ని కనిపిస్తవి, కొన్ని కనిపించవు. కనిపించనివి కూడ చెట్లలో ఉన్నవని తెలియడమే ఆ ప్రయాణానికి చాలినంత ఫలం. శ్రీకాకుళం ఉపాధ్యాయుడు మిగిలిన రెండు సాయంకాలాలూ అక్కడే గడిపాడు. మనుమడు రెండవనాడు ఏడు గొంతులు లెక్కపెట్టాడు. లెక్క చెప్పేటప్పుడు ఏడు అనాలో, ఏడుగురు అనాలో అని ఒక్క క్షణం తడబడ్డాడట.